పట్టుపురుగుల జ్వరం కంప్యూటర్‌కి నేర్పిన రోజులు

పట్టుపురుగుకి జ్వరం వస్తుంది. గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పటి నుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు మేత మానేసి, తల పైకెత్తి, ఎవరో పిలిస్తే ఆలకిస్తున్నట్టు కదలకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత పాత తోలు విడిచి, కొత్త తోలుతో లేచి, ఆకు మీద పడుతుంది. ఈ జ్వరం రోగం కాదు, ఎదుగుదల. రాకపోతేనే భయపడాలి. తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల మల్బరీ తోట ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ మాటే చెబుతారు. తెలుగువాళ్ళూ జ్వరమే అంటారు, కన్నడంవాళ్ళూ జ్వరమే అంటారు. తమిళంలో మాత్రం తోలురిప్పు, అంటే తోలు విడవడం, అంటారు. ముగ్గుర్లో వాళ్ళే కాస్త జాగ్రత్తపరులని నాకు తర్వాత తెలిసింది.

ఈ ఒక్క మాటని కంప్యూటర్‌కి తెలియజెప్పడానికి నా ఉద్యోగంలో చివరి రోజులు చాలా ఖర్చయ్యాయి. ఇప్పుడు ఈ పనుల్లోకి వస్తున్న పిల్లలు మీరంతా నాకంటే చదువుకున్నవాళ్ళు. మీకు పాఠం చెప్పాలని కాదు. ఆ రోజుల్లో మేము పడ్డ కంగారు, నవ్వుకున్న నవ్వు మీ చెవిన వెయ్యాలని రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా స్కూటర్ మీద గడిచింది. ఊరూరూ తిరిగి, పురుగులు పెంచే షెడ్లలోకి దూరి, పడకలు చూసి, తిట్టాల్సినచోట తిట్టి, మెచ్చుకోవాల్సినచోట మెచ్చుకుని రావడమే నా పని. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాననగా నన్ను హోసూరులో ఒక అద్దె ఇంటి మేడ మీద కూర్చోబెట్టారు. రైతులు ఫోన్ చేసి పురుగులకేం జరుగుతోందో చెబితే, ఆ మాటల్ని బట్టి కంప్యూటర్ సలహా ఇచ్చే ఏర్పాటు ఒకటి మొదలైంది. కంప్యూటర్ సంగతి చూసే మనిషికి పురుగుల సంగతి తెలియదు కాబట్టి నన్ను జతచేశారు.

ఆ మనిషి నలభై దాటినవాడు. అంతకుముందు హోసూరులోనే బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉండేవాడు. ఏ బోల్టు ఏ చక్రానికి, ఏ చక్రం ఏ బండికి అని కంప్యూటర్‌లో అమర్చిపెట్టడం ఆయన పని. ఇంట్లో తమిళం, మాతో హోసూరు తెలుగు. మంచివాడు, నెమ్మదస్తుడు. చిక్కల్లా ఒకటే. పురుగంటే ఆయనకి ఒళ్ళు జలదరిస్తుంది.

"అక్కా, బొమ్మలు చూపించు, చాలు. నిజం పురుగు నా బల్ల మీదికి తేవద్దు" అని మొదటి రోజే చేతులు జోడించాడు.

మేము చేసిన పనికి ఆంటాలజీ అని పేరు. మా ఇంట్లో ఆయన ఆ మాట విని, "ఆంటీలకి సంబంధించిన చదువా? అందుకేనా నిన్ను వేసినారు?" అని అడిగారు. పేరు గంభీరమే గాని విషయం అర్థం చేసుకోవడానికి కష్టమేమీ లేదు. జీవుల్లో ఉన్నవాటినీ జరిగేవాటినీ ఒక్కొక్కటిగా తీసుకుని, ఇది దేనిలో ఒక రకం, ఇది దేనిలో భాగం, ఇది దేని తర్వాత వస్తుంది, ఇది జరగాలంటే ఏం కావాలి అని కంప్యూటర్‌కి తేడా లేకుండా రాసిపెట్టడం. అలా రాసిపెడితే మనం చెప్పని సంగతి కూడా, చెప్పినవాటిని జతచేసుకుని అది తేల్చగలదు. ప్రపంచంలో చాలామంది శాస్త్రవేత్తలు కలిసి ఇలాంటివి రాసి అందరికీ ఉచితంగా ఇస్తున్నారట. మా ఫ్యాక్టరీ ఆయన వాటిల్లో మాకు పనికొచ్చేవి తెచ్చి, మన రైతుల మాటల్ని వాటికి అతికించేవాడు.

అతకడంలోనే తమాషా అంతా. కీటకాలకి రెక్కలుంటాయని ఒకచోట రాసి ఉంది. పట్టుపురుగు కీటకమని ఇంకోచోట మేము రాశాము. మర్నాడు మా పెద్ద సారు రైతులా గొంతు మార్చి పరీక్షగా ఫోన్ చేస్తే కంప్యూటర్ ఎంతో మర్యాదగా, "మీ పురుగుల రెక్కలు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగింది.

పెద్ద సారు ఫోన్ పెట్టేసి మా గదిలోకి వచ్చారు. "ఏమ్మా, నా పురుగులు ఎగిరిపోకముందే తలుపు వెయ్యాల్నా?"

అవి పురుగుగా ఉన్నప్పుడు రెక్కలుండవు, గూడు చీల్చుకుని సీతాకోకలా వచ్చే చిలుక అయినప్పుడే ఉంటాయి, రెండూ ఒకే జీవి అని ఆ రోజంతా కూర్చుని దశలవారీగా విడదీశాము. విడదీస్తుంటే నాకూ వింతగానే అనిపించింది. ఇన్నేళ్ళూ పురుగు, గూడు, చిలుక అని చులాగ్గా అనేశాను గాని, ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందో ఎవరూ నన్నంత గట్టిగా అడగలేదు.

పెద్ద సారు గురించి చెప్పాలి. ఆయన చెరకు పనుల నుంచి మా దగ్గరికి బదిలీ మీద వచ్చారు. తొందర మనిషి. మనసులో కల్మషం లేదు. గోడకి పెద్ద తెర ఒకటి పెట్టించి, దాని మీద జిల్లా పటం వేయించి, ఎక్కడి నుంచి రోగం కబురు వస్తే అక్కడ ఎర్రచుక్క పడేలా చేయించుకున్నారు. ఆ పటమంటే ఆయనకి ప్రాణం.

ఏర్పాటు మొదలైన కొన్ని రోజులకి, ఒక పొద్దున మేము వచ్చేసరికి ఆ పటం ఎర్రగా పొక్కిపోయి ఉంది. రాయకోట వైపు ఎరుపు, కావేరిపట్టణం వైపు ఎరుపు, మా జిల్లాలోని పోచంపల్లి దాకా ఎరుపే. పెద్ద సారు ఒక చెవిలో ఒక ఫోను, ఇంకో చెవిలో ఇంకో ఫోను పెట్టుకుని నిలబడి ఉన్నారు. కృష్ణగిరిలో ఉన్న పైవాళ్ళకి అప్పటికే కబురు చేరిపోయింది. గూళ్ళ మార్కెట్టు కొన్నాళ్ళు మూయిద్దామా అనే దాకా మాట వెళ్ళింది.

"ఏమైంది సార్?" అన్నాను.

"జ్వరమమ్మా! ఒక్క రాత్రిలో జిల్లా అంతా జ్వరం పట్టుకునింది!"

నాకు వెంటనే అర్థమై, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాను. మా ప్రాంతంలో రైతులు చిన్న పురుగుల్ని గుడ్ల నుంచి పొదిగించుకోరు. చాకీ కేంద్రం అని ఉంటుంది. అక్కడ పసి పురుగుల్ని రెండో జ్వరం దాకా సాకి, ఒకే రోజు ఊళ్ళన్నిటికీ పంచుతారు. ఒకే రోజు పంచిన పురుగులు ఒకే రోజు మూడో జ్వరానికి కూర్చుంటాయి. రైతులు ముచ్చటపడి మా నంబరుకి ఫోన్ చేసి, "పురుగులు జ్వరానికి కూసున్నాయి, ఇప్పుడేం చెయ్యాల?" అని అడిగారు. జ్వరమంటే రోగంలో ఒక రకమని కంప్యూటర్‌కి రాసి ఉంది. అది పాపం తనకి చెప్పినట్టే చుక్కలు పెట్టింది.

నేను విషయం చెప్పాక పెద్ద సారు ఒక ఫోను మెల్లిగా కింద పెట్టారు. ఇంకో ఫోను కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది. అవతల ఉన్నది కృష్ణగిరి పైవాళ్ళు.

ఆ తర్వాత ఆయనెక్కడికి వెళ్ళినా, "సార్, పురుగులకి జ్వరం తగ్గిందా?" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. పటం ఉన్న తెర మీద గుడ్డ కప్పించేశారు.

ఫ్యాక్టరీ ఆయన ఆ రోజే దిద్దుబాటు చేశాడు. పట్టుపురుగు విషయంలో జ్వరం రోగం కాదు, తోలు మార్చుకునే దశ. ఎవరైనా జ్వరమంటే, "భయపడకండి, ఇది సహజం. మేత ఆపండి, సున్నం చల్లండి, పడక కదపకండి" అని జవాబు. నేనూ చూసి సరే అన్నాను. అందరం ఊపిరి పీల్చుకున్నాము.

తర్వాతి పంటకి నాలుగో జ్వరం సమయంలో ఒక ఫోన్ వచ్చింది. రాయకోట దాటాక ఉన్న ఒక ఊరి నుంచి ఒకామె. కంప్యూటర్‌తో కాదు, మనిషితోనే మాట్లాడతానని పట్టుబట్టింది.

"మీ కంప్యూటర్‌ను ఎవురు కన్నారమ్మా?" ఇదీ ఆమె పలకరింపు. "నా పురుగులు చస్తా ఉండాయని చెప్తే, భయపడొద్దండి, కదపొద్దండి అంటాది! ఎన్నిసార్లు చెప్పినా అదే మాట!"

"నువ్వేమని చెప్పినావమ్మా దానికి?"

"జ్వరం లేయలేదని చెప్పినాను. లేయలేదు! కూసున్నవి కూసున్నట్టే ఉండాయి. మా పక్కిండ్లలోనూ అంతే. నువ్వు వచ్చి చూడు, లేకపోతే నేనే మీ ఆఫీసుకొచ్చి మీ మేడ మీద పోస్తాను ఇవన్నీ."

ఫోన్ పెట్టేశాక నేనూ ఫ్యాక్టరీ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. జ్వరం రావడం సహజమే. జ్వరం నుంచి లేవకపోవడం సహజం కాదు. వచ్చిందన్న మాటకీ లేవలేదన్న మాటకీ మా కంప్యూటర్‌లో తేడా లేదు. ఒక దశ మొదలైతే ముగియాలి కదా అన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు.

"పోదాం పద" అన్నాను.

"నేనా? ఆడికా? అక్కా, పురుగులు..."

"నువ్వే. దాని నోట్లో ఆ మాట పెట్టింది మనమే కదప్పా."

నా స్కూటర్ వెనక కూర్చుని, దారంతా కళ్ళు మూసుకునే వచ్చాడు. పురుగులకి భయపడో, నేను బండి నడిపే తీరుకి భయపడో ఇప్పటికీ చెప్పడు.

ఆమె వయసు ముప్పై అయిదు ఉంటుంది. చీర కొంగు నడుముకి బిగించి గుమ్మంలోనే నిలబడి ఉంది. షెడ్డు శుభ్రంగా ఉంది. గాలి బాగా ఆడుతోంది. పడకల మీద వేలాది పురుగులు తల పైకెత్తి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మామూలు జ్వరంలాగే ఉంది. వంగి చూస్తే తల దగ్గర పాత తోలు కొంచెం చీలి, అంతటితో ఆగిపోయింది. కొన్ని నల్లబడిపోయాయి. ఒక పురుగు కాలు గిల్లి చూశాను. పాలలా తెల్లటి రసం కారలేదు. సున్నం కట్టినట్టు గట్టిపడలేదు. నాకు తెలిసిన రోగాలన్నీ ఒక్కొక్కటే మనసులో తీసి పక్కన పెడుతూ వచ్చాను. చివరికి ఏమీ మిగల్లేదు.

"మందు ఏమైనా పడినాదా ఆకు మీద?" అని అడిగి నేనే కొట్టేశాను. మందు పడ్డ ఆకు తింటే పురుగు వాంతి చేసుకుంటుంది, మెలికలు తిరుగుతుంది. ఇక్కడ అదేమీ లేదు.

"ఇంకేం మందమ్మా! ఆ చాకీ ఆయప్ప ఇచ్చిన పురుగులే చెడ్డవి" అంది ఆమె. "మా ఊరోళ్ళంతా ఆడికే పోయుండారు. ఈ పొద్దుతో ఆయప్ప సెంటరు మూయిస్తారు. మీ పెద్ద సారు కూడా వస్తా ఉండాడంట."

ఆ చాకీ కేంద్రం ఆయన నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. పసిబిడ్డల్ని చూసుకున్నట్టు పురుగుల్ని చూసుకునే మనిషి. అదీగాక, అదే రోజు అదే కేంద్రం నుంచి పురుగులు తీసుకున్న కావేరిపట్టణం వైపు రైతులు నాకు ముందు రోజే ఫోన్ చేసి, అన్నీ బాగా లేచాయని చెప్పారు. పురుగులే చెడ్డవైతే అక్కడ ఎలా లేచాయి?

ఫ్యాక్టరీ ఆయన గుమ్మం బయటే, ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే అడిగాడు.

"అక్కా, ఒక మాట. ఫ్యాక్టరీలో లైను ఆగిపోతే, మిషన్ చెడిపోయిందా అని ముందు చూడము. ఏ పార్టు రాక ఆగిపోయిందో చూస్తాము. ఈ పురుగుకు ఇప్పుడు ఏ పార్టు రాలేదు?"

"కొత్త తోలప్పా. పాతది విడవాలంటే లోపల కొత్తది తయారై ఉండాల."

"అది దేంతో తయారవతాది?"

"కైటిన్ అంటారే, దాంతో."

ఆయన స్కూటర్ సీటు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చి కలిపినవాటిని అడగడం మొదలుపెట్టాడు. తోలు మార్చుకోవడానికి ఏం కావాలి? కైటిన్ తయారవ్వాలి. కైటిన్ తయారవ్వడాన్ని ఏది ఆపుతుంది? అలా ఆపే మందుల రకం ఒకటుంది. ఆ రకం మందులు ఏ పంటల మీద కొడతారు? జవాబులో నాలుగైదు పంటలు వచ్చాయి. మొదటిది టమాటా.

ఈ టమాటా సంగతి తెచ్చి అతికిస్తున్నప్పుడు నేనాయన్ని కోప్పడ్డాను. పట్టుపురుగుల పనిలో టమాటాకి వాడే మందులెందుకప్పా, టైం దండగ అని. "ఉండనీ అక్కా, ఎప్పుడైనా పనికొస్తాది" అని తలొంచుకుని అతికించాడు. ఆ మూడు ముక్కలూ మూడు వేర్వేరు దేశాల్లో, ఒకరికొకరు తెలియని మనుషులు రాసినవి. వాటిని కలిపి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. అవి కలిసేలా ముందే రాసి ఉన్నాయి కాబట్టి, అడగ్గానే కలిసిపోయాయి.

ఆ రకం మందు పురుగుని వెంటనే చంపదు. బాగానే తిననిస్తుంది, బాగానే నిద్రపోనిస్తుంది. తోలు మార్చుకునే వేళకి కొత్త తోలు రానీయదు. అందుకే వాంతులు లేవు, మెలికలు లేవు.

నేను తలెత్తి చూశాను. ఆమె మల్బరీ తోటకి గట్టు అవతల టమాటా తోట ఉంది. కట్టెలకి ఎగబాకిన తీగలు, నిండా పచ్చికాయలు.

"ఆ తోట ఎవురిదమ్మా?"

ఆమె ముఖం అటు తిప్పుకుంది. "ఆయప్పతో మాకు మాటల్లేవు."

సరే, మాటలున్నవాళ్ళం మేమే కాబట్టి మేమే గట్టు దాటాము. టమాటా ఆయన యాభై దాటినవాడు. తలపాగా చుట్టుకుని గొట్టంతో నీళ్ళు కడుతున్నాడు. మేము అడగ్గానే ఏమీ దాచకుండా, పాకలోంచి ఖాళీ సీసా తెచ్చి ఇచ్చాడు.

"కాయ తొలిచే పురుగుకమ్మా. ఈసారి ఈ పక్కనంతా ఇదే కొట్టినారు. ఏంటికి?"

సీసా మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరుని ఫ్యాక్టరీ ఆయన ల్యాప్‌టాప్‌లో చూశాడు. అదే రకం. విషయం చెప్పేసరికి టమాటా ఆయన గొట్టం కింద పడేశాడు.

"గాలి అటు తోలిందేమోమ్మా. నా తోటలో నేను కొట్టుకున్నాను. ఆయమ్మతో మాటల్లేవు, నిజమే. అంతమాత్రానికి పురుగుల్ని చంపుకుంటానా? మా అమ్మ కూడా పురుగులు సాకిందే."

ఆయన కళ్ళల్లోకి చూస్తే అబద్ధం కనిపించలేదు.

అక్కడి నుంచి చాకీ కేంద్రానికి పరుగు పెట్టాము. ఆమె కూడా రావాలంది. స్కూటర్ మీద ముగ్గురం. నేను ప్రభుత్వ ఉద్యోగినినన్న సంగతి ఆ కాసేపు పక్కన పెట్టాను. ఫ్యాక్టరీ ఆయన మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి.

కేంద్రం ముందు జనం మూగి ఉన్నారు. చాకీ ఆయన ట్రేలు పెట్టే చెక్క స్టాండు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వెనక పెరట్లో ఇద్దరు గుంత తవ్వుతున్నారు. మర్నాడు పంచాల్సిన చిన్న పురుగులన్నీ లోపల ట్రేలలో ఉన్నాయి. వాటిని పూడ్చెయ్యమని పెద్ద సారు చెప్పేశారు.

"సార్, కొంచెం ఆగండి" అంటూ నేను జరిగిందంతా చెప్పాను. ఫ్యాక్టరీ ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.

పెద్ద సారు తెర వైపు చూడనే లేదు. "అమ్మా, మొన్న మీ కంప్యూటర్ జిల్లాకంతా జ్వరమంటే నేను నమ్మినాను. కృష్ణగిరిలో ఇంకా నవ్వతా ఉండారు. ఇప్పుడు టమాటా అంటా ఉండాది. రేపు నేను పై వాళ్ళకేం చెప్పేది? ఈ పురుగులు పంచి, అవీ చస్తే?"

ఆయన భయంలో న్యాయం ఉంది. మా దగ్గర ఉన్నది కంప్యూటర్ చెప్పిన మాట, కావేరిపట్టణం వాళ్ళు ఫోన్‌లో చెప్పిన మాట, ఒక ఖాళీ సీసా. అంతే. పెరట్లో పార చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అప్పుడు మాతో వచ్చిన ఆమె, ఎవరూ అడక్కుండానే అంది. "అయితే మా చెల్లెలింట్లో ఏంటికి లేసినాయి మరి?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏ చెల్లెలమ్మా?" అన్నాను.

"రైలు కట్టకు అవతల ఉండాదే, మా చెల్లెలు. నాకిచ్చిన పురుగుల్లో సగం ఆయమ్మకు ఇచ్చినాను. నా షెడ్డులో చోటు చాల్లేదు. ఆడ అన్నీ లేసినాయి. నాకు దిష్టి తగిలింది, ఆయమ్మకు తగల్లేదు అనుకున్నాను."

"ఆకు యాడిది? నీ తోటదేనా?"

"నా తోట ఆకు ఆడికెవురు మోస్తారమ్మా? ఆయమ్మ తోట ఆయమ్మకు ఉండాది. దాని చుట్టూ రాగులే."

ఒకే కేంద్రం, ఒకే ట్రే, ఒకే రోజు. మారింది ఆకొక్కటే. పెద్ద సారు గుంత దగ్గరికి వెళ్ళి, "ఒక గంట ఆపండప్పా" అన్నారు. తన జీపు ఎక్కమన్నారు. చాకీ ఆయన్ని కూడా చెయ్యి పట్టుకుని ఎక్కించారు. జనంలో కొందరు మోటారు సైకిళ్ళ మీద వెనకే వచ్చారు.

చెల్లెలి ఇంటి వసారాలోకి అడుగుపెట్టకముందే చప్పుడు వినిపించింది. సినిమా హాల్లో అందరూ ఒకేసారి పొట్లాలు విప్పుతున్నట్టు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు ఆకు తింటున్నాయి. తెల్లగా, వేలెడంత ఎదిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి తింటున్నాయి. చాకీ ఆయన పడక ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి ఒక ఆకు తీసి పడక అంచున పెట్టాడు.

ఫ్యాక్టరీ ఆయన ఎప్పుడు లోపలికి వచ్చాడో నేను చూడలేదు. నా భుజం వెనక నుంచి వంగి చూస్తున్నాడు. "నేను రాసింది ఇదా అక్కా?" అన్నాడు. "బాగానే ఉండాయే!"

పెద్ద సారు చాలాసేపు పడకనే చూశారు. తర్వాత బయటికి వచ్చి ఫోన్ తీసి, ఖాళీ గుంతని పూడ్పించమని చెప్పారు. రైతులందరికీ పంపే కబురు తనే చెబుతూ పోయారు, ఫ్యాక్టరీ ఆయన టైపు చేశాడు. టమాటాకి మందు కొట్టినచోట గట్టు పక్కనున్న మల్బరీ వరసల ఆకు కోయకండి. లోపలి వరసల ఆకు, వేరే తోట ఆకు వాడండి. మందు కొట్టేవాళ్ళు పక్క తోటవాళ్ళకి ముందే చెప్పండి. తెలుగులో, తమిళంలో, కన్నడంలో. అంతా అయ్యాక, "పైన ఒక వాక్యం చేర్చప్పా" అన్నారు.

"ఏమని సార్?"

"ఇది జ్వరం గురించి కాదు, నిజమైన విషయం అని."

మర్నాడు చిన్న పురుగుల పంపిణీ జరిగింది. మొదట్లో ఎవరూ ముందుకి రాలేదు. మాతో వచ్చిన ఆమే ముందు నిలబడి తన వాటా తీసుకుంది. చచ్చిపోయిన పురుగులు చచ్చిపోయాయి. ఆ పంటలో ఆమెకి సగం పోయింది, పక్కింటివాళ్ళకి ఇంకా ఎక్కువే పోయింది. దాన్ని మేమెవరమూ తెచ్చివ్వలేకపోయాము. కాని ఆ కబురు అందుకుని ఆకు మార్చినవాళ్ళ ఇళ్ళల్లో పురుగులు లేచాయి, ఎదిగి పండాయి, చంద్రికలనే వెదురు తట్టలెక్కి గూళ్ళు కట్టాయి. చాకీ ఆయన కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఫ్యాక్టరీ ఆయన ఆ వారమంతా తల ఎత్తకుండా పనిచేశాడు. ప్రతి దశకీ మొదలు రాశాడు, ముగింపు రాశాడు, ముగియకపోతే ఏమవుతుందో రాశాడు. రైతు జ్వరమనగానే కంప్యూటర్ ఇప్పుడు ముందు ఒక ప్రశ్న వేస్తుంది. "కూర్చున్నాయా, లేచాయా, లేవలేదా?" ఎంత చిన్న ప్రశ్నో చూడండి. స్కూటర్ మీద తిరిగే రోజుల్లో నేను ఏ గుమ్మంలోకి అడుగుపెట్టినా మొదట అడిగే మాట అదే. అడగడం అలవాటైపోయి, అది ఒక జ్ఞానమని నాకే గుర్తులేదు. మనకి బాగా తెలిసినదాన్ని ఏమీ తెలియని వస్తువుకి చెప్పాల్సి వచ్చినప్పుడే, మనం ఎంత వదిలేసి మాట్లాడుతున్నామో బయటపడుతుంది. మీకు ఆ అవకాశం వస్తే విసుక్కోకండి. నేను చాలా విసుక్కున్నాను. కాస్త తక్కువ విసుక్కుని ఉంటే ఇంకాస్త ముందే నవ్వుకునేవాళ్ళం.

పెద్ద సారు తెర మీద కప్పిన గుడ్డ తీయించారు. చుక్కల రంగు మాత్రం ఎరుపు వద్దని పసుపు పెట్టించారు.

ఇక నేను రిటైరయ్యే నెలలో జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టాను. టమాటా ఆయన.

"అమ్మా, కాయ తొలిచే పురుగు మళ్ళా వచ్చింది. మందు కొట్టాల. ఆయమ్మ పురుగులు ఇప్పుడు ఏ జ్వరంలో ఉండాయో, గూళ్ళు ఎప్పుడు కడతాయో కొంచెం కనుక్కో. అంతవరకూ నేను కొట్టకుండా ఆపుకుంటాను."

"గట్టు పక్కనే కదప్పా, నువ్వే అడగరాదా?"

"మాటల్లేవు కదమ్మా."

ఆమెకి ఫోన్ చేశాను. విషయం విని కస్సుమంది. "ఆయప్పకు నోరు లేదా? హోసూరు దాకా పోయి అడిగేదేంటికి? గట్టు మీదికొచ్చి అడగమను, చెప్తాను."

మళ్ళీ ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమన్నాదమ్మా?"

"గట్టు మీదికి రమ్మన్నదప్పా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. వెనక ఎక్కడో నీళ్ళ మోటారు ఆగిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడే పోవాల్నా అమ్మా, లేకపోతే చొక్కా మార్చుకుని పోతే సరిపోతాదా?"